గోడ పగిలినా, మిల్లు అదిరినా, కంప్యూటర్లు ఆగినా: ముందు ఏది కదులుతోందో చూడండి

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఇల్లు కట్టినవాళ్లు, మిల్లు నడిపేవాళ్లు, ఆఫీసులో పది కంప్యూటర్లు కలుపుకున్నవాళ్లు చెప్పే ఫిర్యాదులు పైకి వేరువేరుగా వినిపిస్తాయి. లోపలికి వెళ్తే చాలావాటికి మూలం రెండింట్లో ఒకటి. కదిలి తీరేదానికి కట్టేటప్పుడు చోటు ఇవ్వలేదు, లేకపోతే కదలకూడనిదానికి దారి తెరిచి పెట్టారు. మనకు తోచే మొదటి మందు మాత్రం ఎప్పుడూ బిగించడమే. పగులులో సిమెంటు కూరుతాం, నట్టు ఇంకో చుట్టు తిప్పుతాం, పాస్‌వర్డ్ ఒకటి మారుస్తాం. ఆరు నెలలకు అదే ఫిర్యాదు మళ్లీ వస్తుంది. కింద ఒక్కో సమస్యను యజమానులు చెప్పే మాటల్లోనే పెట్టాను.

"వానలు పడ్డంక తలుపు పడతలేదు, కిటికీ మూలకు పర్రె ఇచ్చింది"

వానాకాలంలో చెక్క ఉబ్బే మాట నిజమే. అందుకే చాలామంది ముందు వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టిస్తారు. కానీ అదే ఇంట్లో బాత్రూం ఇనుప తలుపు కూడా పట్టేస్తుంటే తప్పు చెక్కది కాదు. దర్వాజకు మూలమట్టం పెట్టి చూడండి. మూల తప్పి ఉంటే కదిలింది తలుపు కాదు, ఇల్లు.

కారణం నేలలో ఉంది. ఈ జిల్లాల్లో చల్క నేలలు ఎక్కువే గానీ చెరువుల కింద, వాగుల పక్కన నల్లరేగడి పట్టీలు తగులుతూనే ఉంటాయి. రేగడిలో మాంట్‌మోరిలోనైట్ అనే ఖనిజం ఉంటుంది. నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని నెర్రెలు విచ్చుతుంది. ఇంటి నడిమిభాగం కింద తేమ పెద్దగా మారదు. అంచుల కింద నేల మాత్రం ఏటా తడిసి ఆరుతుంది. అంటే ఇంటి అంచులు ఏటా కాస్త లేస్తాయి, కాస్త దిగుతాయి. ఇటుక గోడకు వంగే గుణం లేదు కాబట్టి కిటికీ మూల దగ్గర, అంటే గోడ బలహీనంగా ఉన్న చోట, విరుగుతుంది.

పగులు ఆకారం చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. పైన వెడల్పుగా, కిందికి సన్నబడుతూ ఉంటే చివర్లు దిగుతున్నాయి. కింద వెడల్పుగా ఉంటే నడుమ దిగింది. పగులు మీద అడ్డంగా చిన్న గాజుముక్కను రెండు కొసల్లో ప్లాస్టరుతో అతికించి తేదీ రాయండి. పగులు కొస ఎక్కడ ఆగిందో అక్కడ పెన్సిల్‌తో గీత గీయండి. వేసవి నుంచి వానలు తగ్గిపోయేదాకా ఆగండి. గాజు పగలకపోతే అది పాత గాయం, పూడ్చుకోవచ్చు. పగిలితే ఇల్లు ఇంకా కదులుతోందని అర్థం. అప్పుడు పూడ్చడం డబ్బు దండగ.

కట్టేసిన ఇంటికి చేయగలిగింది తేమ మార్పును తగ్గించడం. చుట్టూ కనీసం మీటరు వెడల్పున బయటికి వాలు ఉండేలా కాంక్రీటు గట్టు పోయాలి. స్లాబు గొట్టాల నీళ్లు గోడ మొదట్లో పడకూడదు. ఇంకుడుగుంత పునాదికి దూరంగా ఉండాలి. గోడ పక్కనే పెరుగుతున్న పెద్ద చెట్టు ఎండాకాలంలో నేలను ఇంకా పీల్చేస్తుంది, దాని సంగతీ చూడాలి. ఇవన్నీ చేసి ఏడాది తిరిగాకే పగులు పూడ్చండి.

కొత్తగా కట్టేవాళ్లకు ఇంతకంటే మంచి దారి ఉంది. రేగడి లోతు తక్కువైతే దాన్ని దాటి మొరం తగిలేదాకా పునాది దించాలి. లోతు ఎక్కువైతే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ మన దేశపు నల్లరేగడి కోసమే అభివృద్ధి చేసిన అండర్ రీమ్డ్ పైల్స్ వేయాలి. ఇవి అడుగున గడ్డలా ఉబ్బి ఉండే కాంక్రీటు స్తంభాలు. మూడు మూడున్నర మీటర్ల లోతున, తేమ అంతగా మారని చోట పట్టు దొరికించుకుంటాయి. వీటి మీద గోడలను మోస్తూ వచ్చే ప్లింత్ బీముకూ కింది నేలకూ మధ్య సుమారు 80 మి.మీ. ఖాళీ వదలాలి. మేస్త్రీలు ఈ ఖాళీని చూసి ఊరుకోలేరు, మట్టితోనో ఇసుకతోనో నింపేస్తారు. దగ్గరుండి ఆపండి. నేల లేచినప్పుడు ఇంటిని నెట్టకుండా ఆ ఖాళీలోకి లేవాలి. ఆ 80 మి.మీ. కోసమే మిగతా ఖర్చంతా.

"మీది అంతస్తుల, స్లాబు కిందనే గీత తీసినట్టు పగిలింది"

ఇది నేలది కాదు, ఎండది. స్లాబుకు సరిగ్గా కింద అడ్డంగా, పై అంతస్తులోనే వస్తుంది. కాంక్రీటు ఒక్క డిగ్రీ వేడెక్కితే మీటరుకు దాదాపు 0.01 మి.మీ. సాగుతుంది. 15 మీటర్ల స్లాబు 30 డిగ్రీలు వేడెక్కితే నాలుగున్నర మి.మీ. నల్లగొండ మే నెల ఎండకు స్లాబు పైభాగం అంతకంటే ఎక్కువే కాగుతుంది. కింద నీడలో ఉన్న గోడ అంత సాగదు, కాబట్టి రెండూ కలిసిన చోట తెగుతుంది.

కట్టేటప్పుడైతే స్లాబు కూర్చునే గోడ తలను నున్నగా ప్లాస్టరు చేసి, పైన తారు కాగితం పరిచి, అప్పుడు స్లాబు పోయాలి. స్లాబు జారుతుంది, గోడ తెగదు. కట్టేశాక అయితే స్లాబు మీద తెల్లటి కూల్ రూఫ్ పూత వేసి వేడి తగ్గించి, పగులులో సాగే సీలెంటు నింపాలి. సిమెంటు పెట్టకండి, మళ్లీ వేసవికి అదే గీత కనిపిస్తుంది. 45 మీటర్లు దాటిన కట్టడానికి ఎక్స్‌పాన్షన్ జాయింట్, అంటే సాగడానికి వదిలే సందు, ఇవ్వాలని కాంక్రీటు పనులకు మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతుంది. బడులు, ఫంక్షన్ హాళ్లు కట్టేవాళ్లు ఈ అంకె గుర్తుపెట్టుకోవాలి.

మేడ మీద వేడినీళ్ల సీపీవీసీ పైపు ఎల్బో దగ్గర పదేపదే విరుగుతుంటే కారణం ఇదే. ఆ ప్లాస్టిక్ కాంక్రీటుకు ఆరు రెట్లు సాగుతుంది. 10 మీటర్ల పైపు 30 డిగ్రీలకు దాదాపు 19 మి.మీ. పెరుగుతుంది. క్లాంపులు పైపును గట్టిగా పట్టుకోకుండా జారనివ్వాలి, పొడుగు వరుస మధ్యలో ఒక వంపు పెట్టాలి.

"మిల్లు నడుస్తుంటె ఆఫీసు అద్దాలు గజగజ అంటున్నయి"

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో తరచుగా వినే మాట. గోడ బలహీనంగా ఉందని దాన్ని మందం చేయిస్తారు, అదురు అలాగే ఉంటుంది.

ముందు ఏ యంత్రం కదిలిస్తోందో తేల్చండి. అన్నీ ఆపి ఒక్కోటి నడపండి. అద్దం మోగే చోట ఒక పళ్లెంలో నీళ్లు పెట్టి చూస్తే అల తెలుస్తుంది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. కొన్ని యంత్రాలు పూర్తి వేగంలో బుద్ధిగా ఉంటాయి. స్విచ్ ఆపాక వేగం తగ్గేటప్పుడు మాత్రం ఒక్క క్షణం గట్టిగా ఊపి ఊరుకుంటాయి. ఆ క్షణంలో యంత్రం వేగమూ, అది కూర్చున్న కాంక్రీటు బెడ్డుకో గోడకో సహజంగా ఉండే ఊపు వేగమూ ఒకటయ్యాయన్నమాట. 1440 ఆర్‌పీఎం మోటారు సెకనుకు 24 చుట్లు తిరుగుతుంది. బెడ్డు సహజ ఊపు కూడా ఆ 24కు దగ్గరగా ఉంటే ఆ అదురు క్షణంలో పోదు, రోజంతా ఉంటుంది. అప్పుడు బెడ్డు బరువో, రబ్బరు ప్యాడ్లో, పుల్లీ సైజో మార్చి ఆ రెండు వేగాలను దూరం చేయాలి.

ఇది కాకపోతే మామూలు కారణాలు చూడండి. బ్లోయరు రెక్కలకు ఒకవైపు తవుడు పేరుకోవడం, పుల్లీలు ఒక వరుసలో లేకపోవడం, బేరింగు అరగడం. నట్లు వదులవడాన్ని కారణమనుకుంటారు గానీ చాలాసార్లు అది ఫలితం. బిగించినా వారానికి మళ్లీ వదులవుతుంటే అదురు మూలం ఇంకోచోట ఉంది.

అసలు తప్పు ఎక్కువగా కట్టడంలోనే జరుగుతుంది. యంత్రం బెడ్డునూ షెడ్డు ఫ్లోరింగునూ కలిపి ఒకటే కాంక్రీటుగా పోసేస్తారు. అదురు ఫ్లోరింగు పట్టుకుని గోడకు పోతుంది. బెడ్డు చుట్టూ కాంక్రీటును కోసి, ఆ సందులో థర్మోకోల్ షీటు లాంటి మెత్తనిది పెట్టి, పైన సీలెంటు వేయండి. అంగుళం సందు చేసే మేలు అడుగు మందం గోడ చేయలేదు.

విడదీయగలిగేలా కట్టడం ఈ ప్రాంతానికి కొత్తది కాదు. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునగాల్సిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాళ్లు విడదీసి ఆలంపురానికి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. చాళుక్యుల కాలం శిల్పులు రాయి మీద రాయి పేర్చి కట్టారు కాబట్టే అది సాధ్యమైంది. ఒకే ముద్దగా పోసిన కాంక్రీటు భవనాన్ని అలా తేలేం.

"ఒక్క కంప్యూటర్‌కు వైరస్ వచ్చింది, తెల్లారేసరికి అన్నిట్ల ఫైళ్లు పోయినయి"

ఇక్కడ కదిలేది మనకు అక్కర్లేనిది. లోపలికి ఎలా వచ్చిందని అందరూ అడుగుతారు. పెన్‌డ్రైవో, మెయిల్‌లో వచ్చిన బిల్లో, ఏదో ఒకటి ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ఒకదాంట్లోకి వచ్చినది మిగతావాటికి ఎలా నడిచి వెళ్లింది అన్నది నన్ను ఎక్కువ కలవరపెట్టే ప్రశ్న. భద్రత చూసేవాళ్లు దీన్ని పక్కదారి కదలిక అంటారు. నష్టం పెరిగేది ఈ నడకలోనే.

మన ఊళ్లలో ఆఫీసు, ఆసుపత్రి, బడి ఏదైనా సరే, సాధారణంగా ఒకే వైఫై రౌటరు ఉంటుంది. బిల్లింగ్ కంప్యూటరు, లెక్కలు రాసే టాలీ కంప్యూటరు, సీసీ కెమెరాల బొమ్మలు దాచే డీవీఆర్, మేనేజరు ఫోను, వచ్చిపోయేవాళ్ల ఫోన్లు అన్నీ దానికే. అన్ని కంప్యూటర్లకూ ఒకటే అడ్మిన్ పాస్‌వర్డ్. డీ డ్రైవ్ అందరికీ షేర్. ఇది గదుల మధ్య తలుపులు లేని ఇల్లు.

ఈ నడక ఎంత వేగంగా సాగుతుందో 2017 మే 12న వానాక్రై అనే వైరస్ చూపించింది. ఎవరూ ఏదీ నొక్కకుండానే, విండోస్ ఫైల్ షేరింగ్‌లోని లోపం పట్టుకుని ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి పాకింది. బ్రిటన్‌లో ఆసుపత్రుల పనులు ఆగిపోయాయి. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే ఇచ్చింది. వేసుకున్నవాళ్ల యంత్రాల్లోకి ఆ దారిన అది రాలేకపోయింది. 2013లో అమెరికాలో టార్గెట్ దుకాణాల నుంచి దాదాపు 4 కోట్ల కార్డుల వివరాలు పోయాయి. దొంగలు ముందు పట్టుకున్నది ఆ దుకాణాలకు ఏసీ, ఫ్రిజ్ పనులు చేసే కాంట్రాక్టరు లాగిన్‌ను. అక్కడి నుంచి నడుచుకుంటూ బిల్లింగ్ యంత్రాల దాకా వెళ్లారు. మన దగ్గర టాలీ సరిచేసే అతను పెట్టి వదిలేసిన రిమోట్ యాప్, కెమెరాలు బిగించినవాళ్లు మార్చకుండా ఉంచిన పాస్‌వర్డ్ అలాంటి దారులే.

జరిగిన రోజు చేయాల్సింది: ముందు నెట్‌వర్క్ తీగ పీకండి, వైఫై ఆపండి. యంత్రాన్ని ఫార్మాట్ చేయకండి, ఆధారాలన్నీ పోతాయి. పాడైన ఫైళ్ల సమయాలు చూసి ఏ యంత్రంలో మొదట మొదలైందో గుర్తించండి. బ్యాకప్ డిస్కును అప్పుడే తెచ్చి తగిలించకండి. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆలస్యమైన కొద్దీ ఆ డబ్బు ఖాతాలు మారిపోతుంది.

తర్వాత తలుపులు పెట్టుకోవాలి. వచ్చిపోయేవాళ్లకు గెస్ట్ వైఫై, కెమెరాలకు వేరే నెట్‌వర్క్, డబ్బు లెక్కలున్న యంత్రాలకు వేరేది. ఒక్కో కంప్యూటరుకు ఒక్కో అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టి, రోజువారీ పనికి అడ్మిన్ లాగిన్ వాడకూడదు. అవసరం లేని షేరింగ్ తీసేయాలి. విండోస్ అప్‌డేట్‌లు వాయిదా వేయొద్దు. బ్యాకప్ ఒకటి ఎప్పుడూ తీగ పీకి బీరువాలో ఉండాలి, నెలకోసారి దాంట్లోంచి ఒక ఫైలు తెరిచి చూడాలి. రిమోట్ యాప్ పని అయ్యాక తీసేయించాలి.

గోడ మీద గాజుముక్క అతికించినట్టే ఇక్కడా ఒకటి చేయొచ్చు. ఎవరికీ పని లేని ఒక ఫైలును "జీతాలు" లాంటి పేరుతో షేర్‌లో పెట్టి, దాన్ని ఎవరు తెరిచినా మీకు కబురు వచ్చేలా అమర్చండి. ఎవరూ తాకకూడని ఆ ఫైలు తెరుచుకుందంటే లోపల ఎవరో తిరుగుతున్నారు. నెట్‌వర్క్ చూసే కుర్రాడిని అడిగితే అమర్చి పెడతాడు.

"మెట్లెక్కంగ ఎప్పుడూ ఆడ్నే కాలు తగులుతది"

మనిషి కాలు మొదటి రెండు మూడు మెట్లకే ఎత్తు నేర్చుకుంటుంది, ఆ తర్వాత చూడకుండానే లేస్తుంది. ఒక మెట్టు రెండు సెంటీమీటర్లు తేడాగా ఉన్నా అక్కడే తగులుతుంది. ఈ తేడా చాలావరకు మొదటి మెట్టులోనో చివరి మెట్టులోనో ఉంటుంది. మెట్లు పోసిన రోజున ఫ్లోరింగు ఉండదు. తర్వాత కింద గదిలో మాలు, దాని మీద షాబాదు బండో గ్రానైటో కలిపి రెండు అంగుళాలు లేస్తే మొదటి మెట్టు పొట్టిదవుతుంది. మెట్ల మీద వేసే రాయి మందం పై అంతస్తు ఫ్లోరింగుకు సరిపోకపోతే చివరి మెట్టు తేడా వస్తుంది.

తగిలే మెట్టును మాత్రమే కాదు, కింది నుంచి పైదాకా ప్రతి మెట్టు ఎత్తూ టేపుతో కొలిచి రాయండి. తేడా చిన్నదైతే మెట్ల మీద రాళ్లు తీసి మందం సర్దుకుంటూ కొంచెం కొంచెంగా పంచేయొచ్చు. అంత పని కుదరకపోతే ఆ మెట్టు అంచుకు రంగు పట్టీ వేసి, పైన లైటు పెట్టండి. కొత్త ఇంట్లో ఏ అంతస్తులో ఏ బండ ఎంత మందమో ముందే తేల్చి, ఆ లెవెల్ గోడ మీద గీసి, అప్పుడు మెట్లు పోయించండి. జాతీయ భవన నియమావళి ప్రకారం ఇంట్లో మెట్టు ఎత్తు 190 మి.మీ., జనం వచ్చే భవనాల్లో 150 మి.మీ. దాటకూడదు.

ఫంక్షన్ హాలు ఉన్నవాళ్లు మెట్లతో పాటు తలుపులు కూడా చూసుకోండి. బయటికి వెళ్లే ప్రతి తలుపూ బయటికే తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకునేది ఉంటే, వెనక జనం తోసుకొచ్చినప్పుడు ముందున్నవాళ్లు దాన్ని లాగలేరు. అలాంటి తలుపును బయటికి తెరుచుకునేలా మార్పించాలి. వచ్చే పెళ్లిళ్ల సీజన్ లోపు ఆ పని చేయించండి.