పాత డీజిల్ వ్యానుకు బలం తగ్గితే ముందు పొగను చూడండి

బాగా తిరిగిన డీజిల్ వ్యాను నెలల తరబడి కొద్దికొద్దిగా బలం కోల్పోతుంది కాబట్టి, శృంగవరపుకోట దాటి అరకు ఘాట్ ఎక్కేటప్పుడు మూడో గేరు చాలక రెండోది వేయవలసి వచ్చేవరకు డ్రైవరుకు ఆ తేడా తెలియదు. అప్పుడు కంగారుపడి ఇంజనులోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బోను, డీజిలును చిమ్మే ఇంజెక్టర్లను మార్చడానికి ఒప్పుకోవద్దని నా మనవి.

ఎక్సలేటరు తొక్కితే ఇంజను మోత పెరిగి వేగం పెరగకపోతే, అది క్లచ్ జారడం. అలా కాకపోతే, బండి ఎత్తు ఎక్కుతుండగా వెనుక నుంచి ఒకరిని పొగ గమనించమనండి. నల్లటి పొగ దట్టంగా వస్తే సాధారణంగా డీజిలుకు తగిన గాలి అందడం లేదని అర్థం. మాంగనీసు గనులున్న గరివిడి, చీపురుపల్లి వైపు మట్టి దారుల్లో తిరిగే బండ్లకు ఎయిర్ ఫిల్టరు త్వరగా పూడుకుపోతుంది. అది శుభ్రంగానే ఉంటే, ఇంజను ఆపి చల్లారనిచ్చి, టర్బో నుంచి, గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలరుకు వెళ్లే రబ్బరు గొట్టాన్ని వంపుల దగ్గర చేత్తో నొక్కి, వంచి చూడాలి. పైకి బాగానే కనిపించే గొట్టం లోడు పడినప్పుడే నోరు తెరుస్తుంది, ఆ చీలిక చుట్టూ ఉన్న నూనె తడి, దానికి అంటిన దుమ్ము చోటును పట్టిస్తాయి.

పొగ లేకుండానే బలం తగ్గితే డీజిలు సరిగా అందడం లేదేమో చూడాలి. డీజిల్ ఫిల్టరు అడుగున చేరిన నీటిని వదిలి, ఆ ఫిల్టరు మార్చిన తర్వాతే ఇంజెక్టర్ల మాట ఎత్తాలి. పొగగొట్టంలోనే మసిని వడగట్టే ఫిల్టరు ఉన్న బీఎస్ 6 కాలుష్య ప్రమాణాల బండ్లలో ఈ పొగ పరీక్షను నమ్మలేము. వాటికి ఇంజను లోపాలను చదివే స్కానరు పెట్టించవలసిందే.