సెలవుకొచ్చి కొండెక్కే ముందు: గల్ఫ్ సైటులో ఉన్న మన పర్లాకిమిడి, రాయగడ తమ్ముళ్ళకి

ఎడారి క్యాంపులో కూర్చుని డిసెంబరు సెలవుకి మన ఒడిశా కొండలు దేవమాలి, మహేంద్రగిరి ఎక్కుదామని ప్లాన్లు వేస్తున్నారు కదా, ముందు ఇవి చూసుకోండి.

సౌదీలో ఉన్నవాళ్ళు ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా (సెలవుకెళ్ళి మళ్ళీ తిరిగి రావడానికి ఇచ్చే అనుమతి) చేతికొచ్చాకే టికెట్ తీయండి. అది ఫైనల్ ఎగ్జిట్ (పని ముగించి పూర్తిగా వెళ్ళిపోయే అనుమతి) కాదని, తిరిగెళ్ళే గడువు ఎప్పటిదాకా ఉందో మీ కళ్ళతో చూడండి. ఆ కాగితం ఆలస్యమై నా సెలవులో ఒకసారి 10 రోజులు పోయాయి. పాస్‌పోర్టుకి 6 నెలల గడువు మిగిలి ఉండాలి.

నాకు అన్నిటికన్నా భయం మలేరియా. కోరాపుట్, రాయగడ, గజపతి కొండల్లో ఉండే ఫాల్సిపారం రకం ముదిరితే మెదడుకెక్కుతుంది. పుట్టిపెరిగిన ఊరే కదా అనుకోకండి. ఏళ్ళ తరబడి దూరంగా ఉంటే ఒంట్లో తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. దోమతెర, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. కుట్టిన వారం, రెండు వారాలకి జ్వరం రావచ్చు, అంటే సైటుకి తిరిగెళ్ళాక! కొండలకి వెళ్ళొచ్చానని, రక్తపరీక్ష చెయ్యమని క్యాంపు డాక్టరుకి మీరే చెప్పాలి. ఊళ్ళో ఉండగా జ్వరం వస్తే ఆశా దీదీ (ఊరి ఆరోగ్య కార్యకర్త) దగ్గరికి అదే రోజు వెళ్ళండి.

దేవమాలి ఎత్తు 1,672 మీటర్లు. తెల్లవారుజామున చలి కొరికేస్తుంది, స్వెట్టరు పెట్టుకోండి. డుడుమా జలపాతం దగ్గర పాచి రాళ్ళ మీదికి దిగొద్దు. సిగ్నల్ ఉండదు, ఏ దారిన వెళ్తున్నారో ఇంట్లో చెప్పండి.

విమానానికి ముందు రెండు రోజులు ఖాళీగా ఉంచుకోండి. ఘాట్ రోడ్డు ఎప్పుడు ఆపుతుందో తెలీదు.