గ్రీకు కుండల మీద ఆ నల్ల బొమ్మలు ఎలా వేయాలి?

మ్యూజియంలో పాత ఏథెన్స్ కుండల్ని చూసి ఆ నిగనిగలాడే నలుపు ఏదో పెయింట్ అనుకుంటాం. పెయింట్ కాదు, అదీ మట్టే. ఎక్కడ ఎరుపు, ఎక్కడ నలుపు అన్నది తేలేది ఆవంలో. అందుకే కుంచె పట్టే ముందు మట్టి సంగతి చూసుకోవాలి.

ఇనుము బాగా ఉన్న బంకమట్టిని బోలెడన్ని వాన నీళ్ళలో కలిపి, కట్టె బూడిద నానబెట్టిన నీళ్ళు గానీ కొద్దిగా సోడియం సిలికేట్ గానీ పోసి, కదపకుండా ఒకట్రెండు రోజులు వదిలేయండి. ముతకంతా అడుక్కి చేరుతుంది. పైన ఎర్రగా తేలిన నీళ్ళు మాత్రమే వేరే గిన్నెలోకి వంపి, మళ్ళీ తేరనిచ్చి, మళ్ళీ వంపి, చివరికి మీగడలా చిక్కబడేదాకా ఎండలో పెట్టాలి. విసుగొచ్చే పనే, కానీ నలుపు మెరుపంతా ఇక్కడే ఉంది. ప్రతి ఎర్రమట్టీ పనికిరాదు కాబట్టి ముందు ఒక చిన్న బిళ్ళ మీద పూసి కాల్చి చూసుకోండి.

కుండ పూర్తిగా ఆరకముందే, కాస్త గట్టిపడ్డాక బొమ్మ వేయాలి. గ్రీకు నగరం కొరింత్‌లో క్రీ.పూ. 7వ శతాబ్దంలో పుట్టిన పద్ధతిలో మనిషి ఆకారమంతా ఈ తేట మట్టితో నింపేసి, కళ్ళు, జుట్టు, బట్టల మడతలు సూదిమొనతో గీకుతారు. గీకిన చోట కింది మట్టి బయటపడుతుంది. ఆడవాళ్ళ ఒంటికి పైన తెల్లమట్టి పూసేవారు. ఏథెన్స్ కుమ్మరి, చిత్రకారుడు ఎక్సీకియాస్ చేసిన కుండ ఒకటి వాటికన్ మ్యూజియంలో ఉంది, దాని మీద గ్రీకు పురాణ వీరులు అకిలీస్, అజాక్స్ కూర్చుని పాచికలాంటి ఆట ఆడుతుంటారు. వాళ్ళ అంగీల మీద గీకిన నగిషీ చూస్తే మతిపోతుంది.

క్రీ.పూ. 530 ప్రాంతంలో ఏథెన్స్‌లో ఇది తలకిందులైంది. బొమ్మని ఖాళీగా వదిలి, దాని అంచు వెంట బయటివైపు లావుపాటి పట్టీ వేసి, మిగతా నేపథ్యం నింపడం మొదలుపెట్టారు. లోపలి గీతలు కుంచెతోనే: చిక్కటి తేటతో వేస్తే ఉబ్బెత్తుగా నల్లగా, పలచగా వేస్తే గోధుమ రంగులో వస్తాయి. కండలు, మడతలు సహజంగా రావాలంటే ఇదే పద్ధతి, కానీ చెయ్యి తిరగనివాళ్ళు నల్ల బొమ్మలతో మొదలుపెట్టడమే నయం.

ఇక కాల్చడం. మొదట గాలి బాగా ఆడనిస్తూ 800 డిగ్రీల దాకా తీసుకెళ్తే అంతా ఎర్రబడుతుంది. తర్వాత పచ్చి కట్టెలు వేసి గాలి రంధ్రాలు మూసేసి, దాదాపు 950కి చేర్చాలి. ఆక్సిజన్ అందక కుండంతా నల్లబడుతుంది, తేట పూసిన భాగం మాత్రం గాజులా బిగుసుకుంటుంది. వేడి 900కి దిగేటప్పుడు రంధ్రాలు తెరిస్తే, గుల్లగా ఉన్న మామూలు మట్టిలోకి గాలి దూరి అది మళ్ళీ ఎర్రబడుతుంది, బిగుసుకున్న చోటికి దూరలేక అది నల్లగానే ఉండిపోతుంది. ఈ పని ఆరుబయటే చేయండి, ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. మామూలు కరెంటు బట్టీలో మాత్రం వద్దు, లోపలి కాయిల్స్ పాడవుతాయి.

రంధ్రాలు ఎప్పుడు తెరవాలి అన్నదే అసలు టెన్షన్. త్వరగా తెరిస్తే, తేట ఇంకా బిగుసుకోక అదీ ఎర్రబడిపోతుంది. గ్రీకు కుమ్మరులకి థర్మామీటర్ లేదు కదా, అందుకని పాడైన కుండల ముక్కలకి చిల్లు పెట్టి, తేట పూసి ఆవంలో ఉంచి, మధ్యమధ్యలో కొక్కెంతో లాగి చూసుకునేవారు. అలాంటి పెంకులు ఏథెన్స్ తవ్వకాల్లో దొరికాయి. మీరూ నాలుగైదు పెంకులు సిద్ధంగా పెట్టుకోండి.