మోటారు తప్పా, మీటరు తప్పా: డెల్టాలో కొలత పరికరాల సమస్యలు - పరిష్కారాలు

భీమవరం, ఉండి, ఆకివీడు పరిసరాల్లో రొయ్యల చెరువు గట్టు మీద, నీటిలో గాలి కలిపే ఏరేటరు ఆగినా, తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ పడిపోయిందన్న అనుమానం వచ్చినా, ముందుగా చేతిలోకి తీసుకునేది ఏదో ఒక మీటరునే. అది చూపిన అంకెను బట్టే మోటారును రీవైండింగుకు పంపాలా, కేబులు మార్చాలా, అదనంగా మరో రెండు ఏరేటర్లు తిప్పాలా అన్నది తేలుతుంది. ఉప్పు గాలి, ఏడాదిలో ఎక్కువ కాలం ఉండే తేమ, గట్ల మీద తడి నేల మోటార్లను పాడు చేసినట్లే మీటర్లనూ పాడు చేస్తాయి. అయినా మోటారును అనుమానించినంత త్వరగా మీటరును ఎవరూ అనుమానించరు. బాగున్న మోటారు రీవైండింగు షాపుకు వెళ్ళడం కేవలం డబ్బు నష్టం. కరెంటు ఉన్న తీగను లేదని చూపే మీటరు మాత్రం ప్రాణానికే ముప్పు.

అందుచేత కింద చెప్పిన సమస్యలన్నింటికీ ముందు చేయవలసిన పని ఒకటే. సరఫరా ఖాయంగా ఉందని తెలిసిన చోట మీటరును పెట్టి చూడాలి, తరువాత కొలవవలసిన చోట కొలవాలి, ఆ వెంటనే మళ్ళీ మొదటి చోటికి వచ్చి చూడాలి. మొదటి, మూడవ కొలతలు సరిగా వచ్చినప్పుడే మధ్యలోని కొలతను నమ్మవచ్చు. మూడవది ఎందుకంటే, సరిగ్గా కొలిచే సమయంలోనే లీడు (మీటరు కొలిచే తీగ) తెగే అవకాశం, బ్యాటరీ దిగిపోయే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

స్విచ్ ఆపినా మల్టీమీటరు 60, 90 వోల్టులు చూపుతోంది

గట్టు వెంట చాలా దూరం ఒకే పైపులో, లేదా ఒకే స్తంభాల మీద పక్కపక్కనే సాగే కేబుళ్ళలో ఇది సర్వసాధారణం. పక్క తీగలో కరెంటు ఉన్నప్పుడు, ఆపివేసిన తీగలోకి కెపాసిటెన్స్ ద్వారా అతి స్వల్పమైన చార్జి చేరుతుంది. డిజిటల్ మల్టీమీటరు లోపలి నిరోధం సాధారణంగా 10 మెగా ఓమ్‌లు కాబట్టి ఆ కాస్త చార్జిని కూడా అది పెద్ద వోల్టేజీగా చూపుతుంది. దాని వెనుక ఏ పనీ చేయగల శక్తి ఉండదు.

అంత మాత్రాన అది ఇలాంటి శక్తి లేని ఉత్త వోల్టేజీయే అని ఊహించి తీగను ముట్టుకోకూడదు. తక్కువ నిరోధంతో కొలిచే అమరిక ఉన్న మల్టీమీటరైతే దానిలో పెట్టి చూడాలి, లేదా పాతకాలపు ఫిలమెంటు బల్బుతో చేసిన టెస్ట్ ల్యాంపు వాడాలి. ఉత్త వోల్టేజీ అయితే అంకె వెంటనే సున్నా దగ్గరికి పడిపోతుంది, బల్బు వెలగదు. టెస్ట్ ల్యాంపుకు ఎల్ఈడీ బల్బు పనికిరాదు, ఎందుకంటే ఈ స్వల్ప చార్జికే అది మసకగా వెలిగి మళ్ళీ అదే అయోమయంలో పడవేస్తుంది. రెండు ఫేజుల మధ్య 415 వోల్టులు పరీక్షించేటప్పుడు ఒక్క 230 వోల్టుల బల్బు తట్టుకోలేదు కనుక ఒకే వాటేజీ గల రెండు బల్బులను సిరీస్‌లో కలపాలి. జేబులో పెట్టుకునే నియాన్ టెస్టరు మీద ఇటువంటి చోట ఆధారపడకూడదు. అది ఉత్త వోల్టేజీకీ వెలుగుతుంది, ఎండిన చెక్క మీద నిలబడితే అసలైన వోల్టేజీకి సరిగా వెలగకపోవచ్చు.

అంకె పడిపోకుండా నిలబడితే అది నిజమైన సరఫరాయే. జనరేటరు వైపు నుంచి గానీ, తెగిన న్యూట్రల్‌కు అవతల ఉన్న మరో లోడు ద్వారా గానీ కరెంటు వెనక్కి వస్తున్నదేమో వెతకాలి.

మూడు ఫేజుల్లోనూ వోల్టేజీ బాగుంది, మోటారు మాత్రం వేడెక్కుతోంది

ఈ లక్షణం దగ్గర అనుభవజ్ఞులు కూడా మోసపోతారు. తిరుగుతున్న మూడు ఫేజుల మోటారుకు ఒక ఫేజు పోయినా అది మిగిలిన రెండింటి మీద తిరుగుతూనే ఉంటుంది, పైగా పోయిన ఫేజు టెర్మినల్ దగ్గర తానే వోల్టేజీని పుట్టిస్తుంది. ఆ వోల్టేజీ అసలుకు దగ్గరగానే ఉంటుంది కనుక మల్టీమీటరు మూడు చోట్లా ఇంచుమించు సరైన అంకెలే చూపుతుంది. ఇక్కడ మీటరు తప్పేమీ లేదు, వోల్టేజీతో తేలని విషయాన్ని వోల్టేజీతో తేల్చబోవడమే తప్పు.

దీనికి టాంగ్ టెస్టరు, అంటే తీగను విప్పకుండా దవడలతో చుట్టూ పట్టి కరెంటు కొలిచే మీటరు కావాలి. మూడు తీగల్లో ఒక్కొక్కదానిని విడివిడిగా పట్టి కరెంటు చూడాలి. 2 హెచ్‌పీ ఏరేటరు మోటారు పూర్తి లోడు మీద సుమారు మూడున్నర ఆంపియర్లు తీసుకుంటుంది, కచ్చితమైన అంకె నేమ్‌ప్లేట్ మీద ఉంటుంది. ఒక తీగలో సున్నా, మిగిలిన రెండింటిలో మామూలు కంటే ఒకటిన్నర రెట్లకు పైగా కనిపిస్తే ఫేజు పోయినట్టే. మోటారును ఆపి, సరఫరా వైపు వోల్టేజీ చూస్తే పోయిన ఫేజు అప్పుడు బయటపడుతుంది. ఫ్యూజు, కాంటాక్టర్ పాయింట్లు, ఉప్పు పట్టిన కేబుల్ లగ్గులు ఈ వరుసలో చూసుకోవాలి.

టాంగ్ టెస్టరు సున్నా చూపుతోంది, లేదా తక్కువ చూపుతోంది

దవడల మధ్య ఫేజు, న్యూట్రల్ రెండూ పడితే ఒకదాని ప్రభావాన్ని మరొకటి చెరిపివేస్తుంది, కాబట్టి ఒక్క తీగనే పట్టాలి. దవడల ముఖాల మీద బురద, తుప్పు చేరి అవి పూర్తిగా మూసుకోకపోతే అంకె తగ్గుతుంది. ఏసీ మాత్రమే కొలిచే టెస్టరుకు సోలార్ ప్యానెళ్ళ డీసీ కరెంటు కనిపించదు. కరెంటు మరీ తక్కువైతే తీగను దవడ చుట్టూ పది చుట్లు తిప్పి వచ్చిన అంకెను పదితో భాగించవచ్చు.

డ్రైవ్ (మోటారు వేగాన్ని మార్చే ఎలక్ట్రానిక్ పరికరం) మీద నడిచే మోటార్ల సంగతి వేరు. చౌకరకం టెస్టర్లు సగటును కొలిచి, శుద్ధమైన సైన్ తరంగానికి సరిపోయేలా దానిని 1.11తో గుణించి చూపుతాయి. డ్రైవ్ తీసుకునే కరెంటు తరంగం వంకరగా ఉంటుంది కనుక అంకె అసలు కంటే చాలా తగ్గవచ్చు. ఇటువంటి చోట, తరంగం ఎలా ఉన్నా అసలు విలువను కొలిచే, ట్రూ ఆర్‌ఎంఎస్ అని రాసి ఉన్న పరికరమే వాడాలి, అందులో రాజీ పనికిరాదు.

మల్టీమీటరు ప్రతిచోటా కొంచెం ఎక్కువ చూపుతోంది, లేదా ఆంపియర్లు చదవడం లేదు

మొదటిదానికి బ్యాటరీ కారణం. 9 వోల్టుల బ్యాటరీ దిగిపోయినప్పుడు చాలా చౌక మీటర్లు ఆగిపోవు, ఉన్న వోల్టేజీని పెంచి చూపుతాయి. ఇంట్లో 270 వోల్టులు కనిపిస్తే ట్రాన్స్‌ఫార్మర్ గురించి ఫిర్యాదు చేయడానికి ముందు బ్యాటరీ మార్చి చూడాలి. రెండవదానికి లోపలి ఫ్యూజు కారణం. దాని స్థానంలో అదే రేటింగు, అదే రకం ఫ్యూజు వేయాలి తప్ప రాగి తీగ చుట్టకూడదు, ఎందుకంటే మరోసారి పొరపాటు జరిగినప్పుడు మీటరు చేతిలోనే పేలవచ్చు. ఎర్ర లీడును 10 ఆంపియర్ల సాకెట్టులో మరచిపోయి వోల్టేజీ కొలవడం సరఫరాను నేరుగా షార్టు చేయడమే. చాలా చౌక మీటర్లలో ఆ సాకెట్టుకు ఫ్యూజే ఉండదు.

అంకెలు నిలకడగా లేకపోతే ఓమ్‌ల రేంజిలో రెండు లీడుల కొనలూ కలిపి, తీగలను కదిలిస్తూ చూడాలి. అర ఓమ్ లోపు స్థిరంగా నిలవకపోతే లీడులు మార్చవలసిందే. మూడు ఫేజుల ప్యానెళ్ళ దగ్గర పనిచేసేవారు మీటరు మీదా, లీడుల మీదా క్యాట్ III 600 వోల్టులు లేదా అంతకు పై భద్రతా రేటింగు ఉందో లేదో కూడా చూసుకోవాలి.

ఉదయం మెగ్గర్ అర మెగా ఓమ్ చూపింది, మధ్యాహ్నానికి అదే మోటారు ఇరవై చూపుతోంది

మెగ్గర్ అంటే వైండింగు ఇన్సులేషన్ నిరోధాన్ని ఎక్కువ వోల్టేజీతో కొలిచే మీటరు. డెల్టాలో రీవైండింగుకు అనవసరంగా వెళ్ళే మోటార్లలో చాలా వాటి కథ ఇదే. మంచు పడిన ఉదయం టెర్మినల్ బాక్సులో, కేబుల్ చివర్లలో, పింగాణీ మీద ఉప్పుతో కలిసిన సన్నని తేమ పొర ఏర్పడుతుంది, మెగ్గర్ పంపిన కరెంటు ఆ పొర మీదుగా పోతుంది. లోపలి వైండింగు బాగానే ఉండవచ్చు.

ముందుగా మెగ్గర్‌ను పరీక్షించాలి. లీడులు విడిగా గాలిలో పట్టుకుంటే అనంతం, కలిపితే సున్నా రావాలి. విడిగా ఉన్నప్పుడే అంకె తక్కువగా ఉంటే లీడులే తడిసి లీకు అవుతున్నాయని అర్థం. ఆ తరువాత మోటారు నుంచి కేబులును విప్పి రెండింటినీ వేరువేరుగా కొలవాలి, ఎందుకంటే గట్టు మీద చాలాసార్లు లోపం మోటారులో కాక నీటిలో నానిన కేబుల్ జాయింటులో దొరుకుతుంది. టెర్మినల్ బాక్సును పొడి గుడ్డతో తుడిచి, ఎండలో గానీ వెచ్చని బల్బు దగ్గర గానీ ఆరనిచ్చి మళ్ళీ చూడాలి. అంకె బాగా పెరిగితే వైండింగు జోలికి పోనక్కరలేదు, బాక్సు గాస్కెట్టూ గ్లాండూ మార్చితే చాలు.

415 వోల్టుల మోటారుకు 500 వోల్టుల మెగ్గర్‌ను ఒక నిమిషం పాటు వాడి చివరి అంకెను రాసుకోవాలి. ఒక మెగా ఓమ్ ఉంటే చాలునన్న మాట పాత లెక్క. ఐట్రిపుల్ఈ అనే ఇంజనీర్ల సంస్థ 43వ నంబరు ప్రమాణం ఇటువంటి చిన్న మోటార్ల వైండింగుకు 40 డిగ్రీల దగ్గర కనీసం 5 మెగా ఓమ్‌లు ఉండాలని అంటుంది. వైండింగు వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగేసరికి ఈ అంకె సుమారు సగానికి పడిపోతుంది కనుక, అప్పుడే ఆపిన మోటారు అంకెను చల్లని మోటారు అంకెతో పోల్చకూడదు. డ్రైవ్ గానీ, ఎలక్ట్రానిక్ రిలే గానీ కలిపి ఉండగా మెగ్గర్ తిప్పితే అవి కాలిపోవచ్చు, ముందుగా విప్పాలి. పని అయిన తరువాత వైండింగును ఎర్తుకు తాకించి చార్జిని వదిలించాలి.

డీవో మీటరు అంకె నెమ్మదిగా పడిపోతూ ఉంది, లేదా నమ్మశక్యం కాకుండా ఉంది

వనామీ రొయ్యల సాగులో నీటిలో కరిగిన ఆక్సిజన్ (డీవో) అంకె తప్పితే పంటే పోతుంది, అందువల్ల ఈ పరికరానికి మిగిలినవాటి కంటే ఎక్కువ శ్రద్ధ కావాలి. పొర ఉన్న ప్రోబు (నీటిలో ముంచే కొలిచే భాగం) కొలుస్తూనే తన చుట్టూ ఉన్న ఆక్సిజన్‌ను వాడుకుంటుంది. కదలని నీటిలో ఉంచితే పొర దగ్గర ఆక్సిజన్ తగ్గి అంకె దిగుతూ పోతుంది. ప్రోబును నీటిలో మెల్లగా ఊపుతూ ఉంటే అంకె నిలబడాలి. నిలబడకపోతే పొర కింద గాలి బుడగ చేరిందేమో, పొర మీద నాచు పట్టిందేమో, లోపలి ద్రావణం అయిపోయిందేమో చూసి, పొరనూ ద్రావణాన్నీ మార్చాలి. పొర ప్రోబుల్లో పోలరోగ్రాఫిక్ అనే రకమైతే ఆన్ చేసిన తరువాత పది, పదిహేను నిమిషాలు ఆగాలి. కాంతితో కొలిచే ఆప్టికల్ ప్రోబులకు ఈ ఊపడం అంతగా అక్కరలేదు గానీ వాటి టోపీకి కూడా ఆయుష్షు ఉంటుంది, తయారీదారు చెప్పిన గడువులో మార్చాలి.

పరీక్షకు సులువైన మార్గం ఉంది. తడి గుడ్డ ఉంచిన మూత గల సీసాలో, నీరు తగలకుండా ప్రోబును ఉంచితే 100 శాతం దగ్గర నిలవాలి. మంచినీటిలో 25 డిగ్రీల వద్ద అది లీటరుకు 8.26 మిల్లీగ్రాములు, 30 డిగ్రీల వద్ద 7.56. సున్నా పరీక్షకు సోడియం సల్ఫైట్ కలిపిన నీరు సరిపోతుంది.

అన్నీ బాగుండి కూడా అంకె ఎక్కువ వస్తుంటే ఉప్పదనం అమరిక చూడాలి. 20 పీపీటీ (వెయ్యి వంతుల్లో 20 వంతుల ఉప్పు) నీటిలో, 30 డిగ్రీల వద్ద, పట్టగల ఆక్సిజన్ 7 మిల్లీగ్రాముల లోపే. మీటరులో ఉప్పదనం సున్నాగా వదిలేస్తే అది పదో వంతుకు పైగా ఎక్కువ చూపుతుంది, తెల్లవారుజామున 3, 4 మిల్లీగ్రాముల దగ్గర ఊగిసలాడే చెరువులో ఆ తేడా చిన్నది కాదు. మరోవైపు, పచ్చగా ఉన్న చెరువులో మధ్యాహ్నం పైనీటిలో 12, 13 మిల్లీగ్రాములు కనిపించడం మీటరు లోపం కాదు. నాచు కిరణజన్య సంయోగక్రియ వల్ల నీటిలో నిజంగానే అంత ఆక్సిజన్ చేరుతుంది. రొయ్య ఉండేది అడుగున కనుక ప్రోబును అడుగు దాకా దించి చూసిన అంకె మీదే నిర్ణయం తీసుకోవాలి.

పీహెచ్ మీటరు ఎక్కడ పెట్టినా 7 చూపుతోంది

ఎలక్ట్రోడు గాజు బల్బు పగిలి ఉండవచ్చు, అయితే దానికి ముందు కనెక్టరును చూడాలి. గాజు నిరోధం దాదాపు వంద మెగా ఓమ్‌ల స్థాయిలో ఉంటుంది కాబట్టి ఎలక్ట్రోడును మీటరుకు కలిపే బీఎన్‌సీ కనెక్టరులో కంటికి కనిపించని తడి చేరినా సంకేతం షార్టయి సున్నా మిల్లీవోల్టులు అవుతుంది, మీటరు దానినే 7గా చదువుతుంది. కనెక్టరును స్పిరిట్‌తో తుడిచి బాగా ఆరనివ్వాలి. అయినా మారకపోతే ఎలక్ట్రోడును విప్పి, మీటరు సాకెట్టు మధ్య పిన్నునూ అంచునూ చిన్న తీగతో కలిపి చూడాలి. అప్పుడు 7 దగ్గర స్థిరంగా ఉంటే మీటరు చాలావరకు బాగున్నట్టే, మార్చవలసింది ఎలక్ట్రోడు.

అంకె ఆలస్యంగా వస్తుంటే ఎలక్ట్రోడు ఎండిపోయిందని అర్థం, పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో రాత్రంతా నానబెట్టాలి. డిస్టిల్డ్ వాటర్‌లో నిల్వ ఉంచడం వల్లే చాలా ఎలక్ట్రోడులు చెడుతున్నాయి. చెరువు నీరు సాధారణంగా 7.5 నుంచి 8.5 మధ్య ఉంటుంది కనుక 7, 9.2 బఫర్లతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలతో) సరిచేసుకోవాలి, 4 బఫర్‌తో సరిచేసి ఊరుకుంటే ప్రయోజనం తక్కువ.

ధాన్యం తేమ మీటరు ఒక్కొక్కసారి ఒక్కొక్క అంకె చూపుతోంది

కొనుగోలు కేంద్రంలో 17 శాతం తేమ హద్దు దగ్గర జరిగే వాదనల్లో చాలా వరకు ఇక్కడే పుడతాయి. కల్లం మీద ఎండలో వేడెక్కిన గింజను వెంటనే పోయడం, మీటరులో ధాన్యానికి బదులు బియ్యం ఎంపికలో ఉండడం, చెప్పిన పరిమాణం కంటే ఎక్కువో తక్కువో పోయడం సాధారణ కారణాలు. గింజను నీడలో చల్లార్చి, బస్తా పై నుంచి కాక వేరువేరు చోట్ల నుంచి తీసి కలిపి, మూడుసార్లు కొలిచి సగటు తీసుకోవాలి.

వానాకాలం తరువాత అన్ని మీటర్లూ అనుమానాస్పదంగా ఉన్నాయి

పరికరాలను మోటారు షెడ్డులో వదలకుండా, సిలికా జెల్ వేసిన గట్టి మూత డబ్బాలో ఇంట్లో ఉంచాలి, వాడని నెలల్లో బ్యాటరీలు తీసివేయాలి. మెగ్గర్, తేమ మీటరు వంటివాటిని ఏడాదికొకసారి ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు గల ల్యాబులో కాలిబ్రేషన్ చేయించడం, అంటే ప్రామాణిక పరికరంతో పోల్చి చూపించడం మంచిది. అక్కడి నుంచి వచ్చే పత్రం మీటరు బాగుందని ఇచ్చే ముద్ర కాదు, ఏ అంకె దగ్గర ఎంత తేడా ఉందో చెప్పే పట్టిక. ఆ తేడాలను చిన్న కాగితం మీద రాసి మీటరు వెనుక అంటిస్తే, చీకట్లో గట్టు మీద నిలబడి కొలిచేవారికి కూడా అవి అందుబాటులో ఉంటాయి.