అర్ధరాత్రి హీత్రూలో దిగాక బసకు సురక్షితంగా చేరడం ఎలా?

చదువు కోసమో ఉద్యోగం కోసమో హైదరాబాదు నుంచి గల్ఫ్ మీదుగా తొలిసారి లండన్ వెళ్ళేవారిలో కొందరు హీత్రూలో బాగా రాత్రయ్యాక దిగుతారు. మన ఊళ్ళో అది తెల్లవారుజాము. కళ్ళు మూతలు పడుతుంటాయి, ట్రాలీ మీద రెండు పెద్ద పెట్టెలు ఉంటాయి, ఫోన్‌లో సిమ్ పనిచేస్తుందో లేదో తెలియదు. ఆ స్థితిలో "క్యాబ్ కావాలా?" అని పలకరించినవారి వెంట నడిచిపోవడం చాలా తేలిక. అందుకే ఏ బండి ఎక్కాలన్నది ఇంట్లో ఉండగానే తేల్చుకోవాలి.

ముందుగా సమయం లెక్క వేసుకోండి

లండన్ పేరు మీద నడిచే విమానాశ్రయాలు చాలా ఉన్నాయి. గాట్విక్, ల్యూటన్, స్టాన్‌స్టెడ్ హీత్రూకు చాలా దూరం కాబట్టి, టికెట్ మీద విమానాశ్రయం పేరుతో పాటు 2, 3, 4, 5 టెర్మినళ్ళలో ఏది రాసి ఉందో కూడా చూసుకోండి. భారత పాస్‌పోర్టు ఉన్నవారికి ఇమిగ్రేషన్‌లో ఎలక్ట్రానిక్ గేట్లు తెరుచుకోవు. అధికారి దగ్గరకే వరుసలో వెళ్ళాలి. అది, సామాను రావడం కలిపి గంట నుంచి గంటన్నర పట్టవచ్చని అనుకోవడం మంచిది. అంటే 11.30కు దిగే విమానానికి కారు కావలసింది అర్ధరాత్రి దాటాక, మరుసటి తేదీన. ఈ తేదీ దగ్గరే చాలామంది పొరపడతారు. బుకింగ్‌లో విమానం నంబరు ఇస్తే, విమానం ఆలస్యమైనా క్యాబ్ సంస్థ దానిని బట్టి కారు పంపుతుంది. ఎంతసేపటి వరకు నిరీక్షణకు రుసుము ఉండదో ముందే అడిగి తెలుసుకోండి.

ఎక్కదగిన బండ్లు ఏవి?

ఈ విషయంలో లండన్ చట్టం మీ పక్షాన ఉంది. అక్కడ మినీక్యాబ్ అనే అద్దె కారును లైసెన్సు ఉన్న సంస్థ ద్వారా ముందుగా బుక్ చేసుకున్నప్పుడే ఎక్కాలి. డ్రైవరు నేరుగా ప్రయాణికుడితో బేరం కుదుర్చుకోవడానికి వీల్లేదు. అరైవల్స్ (దిగినవారు బయటికి వచ్చే చోటు) తలుపు దగ్గర నిలబడి ప్రయాణికులను పిలవడం 1994 నాటి చట్టం ప్రకారం నేరం. అలాంటి కారు ప్రమాదానికి గురైతే బీమా వర్తించకపోయే అవకాశం కూడా ఉంది. కాబట్టి పిలిచిన మనిషి ఎంత మర్యాదస్థుడైనా, చివరికి తెలుగులోనో హిందీలోనో పలకరించినా, ఆగకుండా ముందుకు నడవండి. మన భాష వినగానే మనసు కరగడం సహజమే కానీ, ఆ రాత్రి దానిని నమ్మకానికి ఆధారం చేసుకోకండి.

బుక్ చేయకుండా ఎక్కదగిన కారు బ్లాక్ క్యాబ్ అనే లండన్ మీటరు టాక్సీ ఒక్కటే. ప్రతి టెర్మినల్ బయటా దీనికి స్టాండు ఉంటుంది, మీటరు ప్రకారమే తీసుకుంటారు, కార్డు కూడా చెల్లుతుంది. అయితే రాత్రి 10 నుంచి ఉదయం 5 వరకు మీటరు రేటు ఎక్కువ; నగరం నడిబొడ్డుకే 60 పౌండ్లు దాటవచ్చు. మనవాళ్ళు ఎక్కువగా చేరే ఈస్ట్ హామ్ అనే ప్రాంతం లండన్‌కు అవతలి కొసన ఉంది కాబట్టి అక్కడికి ఇంకా బరువైన ఖర్చు. అలాంటి దూరానికి ధర ముందే తేలే మినీక్యాబే మేలని నా అభిప్రాయం.

శుక్ర, శనివారాల రాత్రుల్లో పికడిల్లీ లైన్ అనే మెట్రో రైళ్ళు తెల్లవార్లూ నడుస్తాయి, కానీ 4వ టెర్మినల్‌కు ఆ సేవ లేదు. మిగతా రోజుల్లో ఎన్9 రాత్రి బస్సు హ్యామర్‌స్మిత్, కెన్సింగ్టన్ మీదుగా నగరం నడిబొడ్డున ఉన్న ఆల్డ్‌విచ్ వరకు వెళ్తుంది. లండన్ బస్సుల్లో నగదు తీసుకోరు. చేతి సంచి మాత్రమే ఉన్నవారికి ఇవి చవకైన మంచి దారులే. రెండు పెట్టెలతో, దారి తెలియని చోట, రాత్రి రెండింటికి బస్సు దిగి నడవమని మాత్రం నేను ఎవరికీ చెప్పను.

ఇంట్లోనే పూర్తిచేయవలసిన పనులు

క్యాబ్ యాప్‌ను ఇక్కడే దించుకుని, మన నంబరుకు ఓటీపీ వచ్చేటప్పుడే ఖాతా తెరిచి, కార్డు జతచేయండి. రిజర్వ్ బ్యాంకు నిబంధన వల్ల 2020 అక్టోబరు నుంచి మన బ్యాంకులు ఇచ్చే కొత్త కార్డుల్లో విదేశీ లావాదేవీలు మనం తెరిచేదాకా మూసే ఉంటాయి. వాటిని, కాంటాక్ట్‌లెస్ చెల్లింపును బ్యాంకు యాప్‌లో తెరిచి ఉంచండి. బస చిరునామాను పోస్ట్‌కోడ్‌తో సహా కాగితం మీద రాసుకోండి, ఎందుకంటే ఫోన్ ఛార్జింగ్ సరిగ్గా ఆ సమయంలోనే అయిపోవచ్చు. హాస్టలు రిసెప్షన్ రాత్రంతా తెరిచి ఉంటుందా, లేకపోతే తాళం ఎవరిస్తారు అన్నది ఈమెయిల్ ద్వారా ముందే నిర్ధారించుకోండి.

కారు ఎక్కే ముందు

విమానాశ్రయంలోని ఉచిత వైఫైకి కలుపుకుని బుకింగ్ సందేశం తెరవండి. అందులో వచ్చిన కారు నంబరు, డ్రైవరు పేరు, ఫొటో ఎదుట ఉన్నవాటితో సరిపోవాలి. కారు ముందు, వెనుక అద్దాల మీద లైసెన్సు గుర్తు ఉండాలి. మీ పేరు మీరు చెప్పకుండా, "ఎవరి కోసం వచ్చారు?" అని అడగండి. కారు చాలాసార్లు అరైవల్స్ ఎదుట కాక షార్ట్ స్టే (కొద్దిసేపు ఆపే) పార్కింగ్‌లో ఉంటుంది, కనుక అక్కడికి నడవమని సందేశం వస్తే కంగారు పడనక్కరలేదు. వెనుక సీట్లో కూర్చుని, ప్రయాణం లొకేషన్‌ను ఇంటివారికి పంచండి. దారిలో ఏదైనా ప్రమాదకరంగా తోస్తే అక్కడి అత్యవసర నంబరు 999.

కారు రాకపోతే మాత్రం భవనం దాటి రోడ్డు వైపు వెళ్ళకుండా, వెలుతురు, మనుషులు ఉన్న చోటే ఉండి సంస్థకు ఫోన్ చేయండి. అదీ కుదరకపోతే బ్లాక్ క్యాబ్ వరుసలో నిలబడండి. హాస్టలు తాళం తెల్లవారితే గానీ దొరకదని ముందే తెలిసినవారు టెర్మినల్ పక్కనే ఉన్న హోటళ్ళలో ఒక్క రాత్రికి గది తీసుకుని, పగటి వెలుతురులో రైలెక్కడం మంచిది.