రైఫిల్ యాక్షన్ స్క్రూలు సరిగ్గా బిగించడం ఎలా?

గురి చెదురుతోందంటే అందరూ ముందు స్కోప్‌ను తిడతారు, ఆ తర్వాత తూటాలు మారుస్తారు. యాక్షన్‌ను (బోల్ట్ ఆడే లోహ భాగాన్ని) స్టాక్‌కు (భుజానికి ఆనించే కొయ్య లేదా ప్లాస్టిక్ ఒడికి) పట్టి ఉంచే స్క్రూల జోలికి మాత్రం వెళ్లరు. వెళ్లినా చేతికొద్దీ బిగించి వదిలేస్తారు. చేతి అంచనాను నమ్మకండి. పొద్దున బిగించిన చెయ్యే సాయంత్రానికి వేరేలా బిగిస్తుంది.

మ్యాగజైన్, బోల్ట్ (తూటా వెనక మూసుకునే కడ్డీ) తీసేసి, చాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీగా ఉందని కంటితోనూ వేలితోనూ చూసుకోండి. తిప్పే బలాన్ని (టార్క్‌ను) ఇంచ్-పౌండ్లలో కొలిచే టార్క్ రెంచ్, స్క్రూ తలలో వదులు లేకుండా కూర్చునే బిట్ చాలు. కారు చక్రాలకు వాడే రెంచ్ ఫుట్-పౌండ్లది. దాని ఒక్క అంకె ఇక్కడ 12తో సమానం. స్క్రూ మరలను నూనె లేకుండా తుడవండి. నూనె ఉంటే రాపిడి తగ్గి, రెంచ్ అదే అంకె చూపినా లోపల బిగువు పెరిగిపోతుంది.

ఇక చాలామంది పాడుచేసేది ఇక్కడే. యాక్షన్ ముందు భాగం కింద రికాయిల్ లగ్ అనే దిమ్మ ఉంటుంది. పేలిన ప్రతిసారీ వెనక్కి వచ్చే తోపును స్టాక్‌కు అందించేది అదే. దాని వెనక ముఖం స్టాక్‌కు ఆనకుండా బిగిస్తే, కాల్చేకొద్దీ యాక్షన్ జరుగుతుంది. అప్పుడు మీ టార్క్ అంకె ఎంత సరైనదైనా దండగే.

అందుకే రైఫిల్‌ను బల్లమీద పడుకోబెట్టి బిగించకండి. స్క్రూలను వేళ్లతో తగిలేవరకే తిప్పండి. బారెల్ పైకి ఉండేలా నిలబెట్టి, స్టాక్ మడమను (భుజానికి ఆనే కొసను) మెత్తటి రబ్బరు మీద రెండు మూడుసార్లు తట్టండి. యాక్షన్ తన బరువుకే వెనక్కి జారి, లగ్ ఆనుకుంటుంది. రైఫిల్ అలా నిలబడి ఉండగానే ముందువైపు స్క్రూ 15 ఇంచ్-పౌండ్లకు, వెనకది 15కు బిగించండి. మళ్లీ ముందుది 30, వెనకది 30. ఒక్కసారిగా చివరి అంకెకు వెళ్లకూడదు. మధ్యలో స్టాక్ లోపల ఉండే మ్యాగజైన్ పెట్టెను కదిపి చూడండి, కాస్త ఆడాలి. అది ఇరుక్కుంటే స్క్రూ స్టాక్‌ను కాక పెట్టెను నొక్కుతున్నట్టే.

చివరి అంకె తయారీదారు మాన్యువల్ చెప్పిందే. అల్యూమినియం పిల్లర్లు (స్క్రూ చుట్టూ నిలిచే లోహపు గొట్టాలు) ఉన్న స్టాక్‌కు తరచుగా 65 ఇంచ్-పౌండ్లు, అంటే దాదాపు 7.3 న్యూటన్ మీటర్లు ఉంటుంది. పిల్లర్లు లేని చెక్కకు అంత పెడితే చెక్క నలిగిపోతుంది. చెక్క తేమకు ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది కాబట్టి కాలం మారినప్పుడల్లా మళ్లీ చూడాలి. స్క్రూలకు జిగురు రాయడం నేను ఒప్పుకోను. రాస్తే ఆ మరుసటిసారి కొలత నమ్మలేం.

ఇప్పుడు బారెల్, స్టాక్ ముందు కొస కలిసే చోట వేలు ఆనించి, ముందువైపు స్క్రూ వదులు చేయండి. బారెల్ కదలిక వేలికి తెలిస్తే యాక్షన్ వంగి కూర్చుందని అర్థం. అది బెడ్డింగ్ (యాక్షన్ స్టాక్‌లో కూర్చునే తీరు) లోపం. ఎంత బిగించినా పోదు. కదలకపోతే మళ్లీ బిగించి, బోల్ట్ పెట్టి మూయండి. మూసేటప్పుడు పట్టేస్తే ముందువైపు స్క్రూ పొడవై లోపల బోల్ట్‌కు తగులుతోందేమో చూడండి.