కారు పెయింట్ మీది సాలెగూడు గీతలు పోవాలంటే ఏ పాలిషింగ్ ప్యాడ్ కొనాలి?

బెంగళూరులో అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్లలో ఉదయం ఆరింటికల్లా కార్లు తుడిచే పని మొదలవుతుంది. ఒక బకెట్, ఒక గుడ్డ, వరసగా పది కార్లు. ముందు కారు మీది దుమ్ము ఆ గుడ్డలోనే ఉండి తర్వాతి కారు మీద రుద్దుకుంటుంది. మా మారతహళ్ళి వైపు రోడ్డు పనుల దుమ్ము కూడా తోడు. ట్యూబ్‌లైట్ కింద కారు తళతళలాడుతుంది. పదింటి ఎండలోకి తీస్తే బానెట్ మీద సూర్యుడి వెలుగు చుట్టూ సాలెగూడు అల్లినట్టు సన్నని గీతలు కనబడతాయి. వీటినే స్విర్ల్ మార్కులు అంటారు. నిజానికి అవి గుండ్రంగా ఉండవు, అన్ని దిక్కులా పడ్డ చిన్న గీతలు. వెలుగుకు అడ్డంగా ఉన్నవే మెరుస్తాయి కాబట్టి గుండ్రంగా కనబడతాయి.

వీటిని తీయడానికి పాలిషింగ్ మిషన్, కాంపౌండ్ (పెయింట్‌ను అరగదీసే గరుకు పాలిష్) గురించి చాలామంది అడుగుతారు. మిషన్‌కు అతికించి పెయింట్ మీద రుద్దే ప్యాడ్ గురించి అడిగేవాళ్లు తక్కువ. పని బాగుపడినా చెడినా ఎక్కువ భాగం ప్యాడ్ వల్లే. అందుకే దాని గురించే వివరంగా రాస్తున్నాను.

ముందు తెలుసుకోవాల్సింది

రంగు పైన గాజులాంటి క్లియర్ కోట్ ఉంటుంది. కంపెనీ పెయింట్‌లో దాని మందం మామూలుగా 35 నుంచి 50 మైక్రాన్లు, తల వెంట్రుక మందం కన్నా తక్కువ. పాలిష్ చేయడమంటే గీతలను పూడ్చడం కాదు, గీత అడుగు దాకా చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ను అరగదీయడం. అలా అరిగిన పొర తిరిగి రాదు. ఎండ నుంచి రంగును కాపాడేది కూడా ఆ పొరే. కాబట్టి మెత్తని ప్యాడ్‌తో మొదలుపెట్టాలి, దానితో పని జరగనప్పుడే గట్టిదానికి వెళ్లాలి.

గీత మీద గోరు అడ్డంగా గీసి చూడండి. గోరు తట్టుకుంటే అది లోతైన గీత. దాన్ని పూర్తిగా తీయాలని పట్టుబడితే క్లియర్ కోట్ దాటి రంగు బయటపడుతుంది. అలాంటిదాన్ని వదిలేయండి.

మొదటి పని: కడగడం

ప్యాడ్ కింద ఒక్క ఇసుక రేణువు ఉన్నా కొత్త గీతలు మీరే పెడుతున్నట్టు. షాంపూతో కడిగి, క్లే బార్ (పెయింట్‌కు అంటుకున్న మురికిని లాగేసే బంకమట్టిలాంటి ముద్ద) రుద్ది, అరచేతికి పెయింట్ నున్నగా తగిలేదాకా శుభ్రం చేయండి. బోరు నీళ్లతో కడిగితే ఆరేలోపే తుడిచేయాలి, లేకపోతే ఉప్పు మరకలు పడతాయి. నల్ల ప్లాస్టిక్ అంచులకూ, తలుపుల అంచులకూ మాస్కింగ్ టేపు వేయండి. అంచుల దగ్గర పెయింట్ పలచగా ఉంటుంది.

రెండో పని: మిషన్‌కు సరిపోయే కొలత

రోటరీ మిషన్ ఒకే ఇరుసు మీద తిరుగుతుంది. త్వరగా కోస్తుంది (అంటే క్లియర్ కోట్‌ను అరగదీస్తుంది), త్వరగా వేడెక్కిస్తుంది, చేయి తిరిగినవాళ్లకే అది. ఇంట్లో చేసుకునేవాళ్లు డ్యుయల్ యాక్షన్ మిషన్ తీసుకోండి. అది తిరుగుతూనే పక్కలకు ఊగుతుంది కాబట్టి ఒకేచోట పెయింట్ కాలే ప్రమాదం బాగా తక్కువ.

మిషన్‌కు ఉన్న బ్యాకింగ్ ప్లేట్ (ప్యాడ్‌ను అతికించే గుండ్రటి పళ్లెం) 5 అంగుళాలైతే దానికన్నా కొంచెం పెద్దది, అంటే ఐదున్నర అంగుళాల ప్యాడ్ కొనాలి. ప్యాడ్, ప్లేట్ ఒకే కొలత అయితే ప్లేట్ అంచు పెయింట్‌కు తగిలే ప్రమాదం ఉంది. బంపర్ మూలలకు, అద్దాల పక్కన సన్నని చోట్లకు 3 అంగుళాలవి రెండు పెట్టుకోండి.

మూడో పని: ప్యాడ్ రకం

ఉన్ని ప్యాడ్ చాలా వేగంగా కోస్తుంది, పెద్దగా వేడెక్కదు. కానీ రోటరీ మీద వాడితే తనవైన మచ్చలు వదులుతుంది. నాలుగేళ్ల కిందట నా నల్ల కారును ఒక షాపులో ఇలాగే చేశారు. తెచ్చుకున్న రోజు అద్దంలా ఉంది. రెండుసార్లు కడిగాక పాలిష్‌లోని నూనె పోయి, ఎండలో బానెట్ నిండా ఇంద్రధనుస్సులా వంకర చారలు తేలాయి. వాటిని హోలోగ్రాములు అంటారు. ఆ చారలు చూసి నిజంగా ఏడుపొచ్చింది. ఈ పని నేర్చుకోవాలని అప్పుడే అనుకున్నాను.

మైక్రోఫైబర్ ప్యాడ్ కూడా బాగా కోస్తుంది, గట్టి పెయింట్‌కు పనికొస్తుంది. మెత్తని పెయింట్ మీద మాత్రం పొగమంచు పట్టినట్టు మసక వదులుతుంది. తర్వాత ఫోమ్‌తో మళ్లీ చేయాల్సిందే.

కొత్తవాళ్లకు నేను చెప్పేది ఫోమ్ ప్యాడే. అందులో మూడు తరగతులు: గట్టిగా ఉండే కటింగ్, మధ్యరకం పాలిషింగ్, మెత్తగా ఉండే ఫినిషింగ్. మామూలు సాలెగూడు గీతలకు పాలిషింగ్ ఫోమే చాలాసార్లు సరిపోతుంది.

ఇక్కడే అందరూ పొరపడే విషయం ఒకటుంది. ప్యాడ్ రంగుకు ఒక ప్రమాణం అంటూ లేదు. రూపెస్ కంపెనీ ఫోమ్‌లలో నీలం అన్నిటికన్నా గట్టిది, తెలుపు అన్నిటికన్నా మెత్తది. త్రీఎంలో నీలం చివరి మెరుపు కోసం వాడే మెత్తని ప్యాడ్. లేక్ కంట్రీలో తెలుపు మధ్యరకం. "నీలం ప్యాడ్ కొను" అని ఎవరైనా చెబితే ఏ కంపెనీ నీలమో అడగండి. జేసీ రోడ్డు షాపులకు వెళితే చేత్తో నొక్కి చూడండి. కటింగ్ ఫోమ్ వేళ్లకు ఎదురు తిరుగుతుంది, ఫినిషింగ్ ఫోమ్ స్పాంజిలా లోపలికి పోతుంది. ఒకే కంపెనీ వరసలోనివి మూడూ తీసుకుంటే తేడా చేతికి అలవాటవుతుంది.

మందం కూడా చూడండి. మరీ మందమైన ఫోమ్ మిషన్ కదలికను తానే మింగేస్తుంది, పెయింట్ దాకా సగమే చేరుతుంది. పలచటిది నేరుగా పని చేస్తుంది.

నాలుగో పని: రెండడుగుల పరీక్ష

ఏ ప్యాడ్ సరైనదో నేనూ చెప్పలేను, షాపువాడూ చెప్పలేడు. మీ కారు పెయింటే చెప్పాలి. జపాన్ కార్ల పెయింట్ మెత్తన, జర్మన్ కార్లది గట్టిదన్న మాట వింటుంటాం. దాన్ని నమ్మి ప్యాడ్ ఎంచుకోవద్దు. పైగా మళ్లీ పెయింట్ వేయించిన డోరు ఒకలా, కంపెనీ పెయింట్ ఉన్న బానెట్ ఇంకోలా స్పందిస్తాయి.

నీడలో, పెయింట్ చల్లగా ఉన్నప్పుడు బానెట్ మీద రెండడుగుల చదరం టేపుతో గుర్తు పెట్టండి. పాలిషింగ్ ఫోమ్ ముఖమంతా పలచగా పాలిష్ పట్టించి, పైన శనగగింజంత చుక్కలు మూడు, నాలుగు వేయండి. మిషన్‌ను పెయింట్ మీద ఆనించాకే ఆన్ చేయాలి. తక్కువ వేగంతో పరచి, తర్వాత మిషన్ మీది వేగం మీటను 4 లేదా 5 నంబరుకు పెంచండి. సెకనుకు ఒక అంగుళం చొప్పున అడ్డంగా, ఆ తర్వాత నిలువుగా, ప్రతి వరసా ముందు వరసలో సగాన్ని కప్పేలా నడపండి. అలా నాలుగుసార్లు. బ్యాకింగ్ ప్లేట్ అంచున మార్కర్‌తో ఒక గీత గీసుకుంటే ప్యాడ్ తిరుగుతోందో లేదో కనబడుతుంది. ఎక్కువ నొక్కితే తిరగడం ఆగిపోయి ఊరికే వణుకుతుంది, అప్పుడు పని జరగదు.

తర్వాత నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. నా కారు విషయంలో మోసం చేసింది ఆ నూనె పొరే, ఇది దాన్ని తీసేస్తుంది. ఎల్ఈడీ టార్చి వేసి చూడండి. గీతల్లో ఎక్కువ భాగం పోతే అదే మీ ప్యాడ్, కారంతా దానితోనే చేయండి. నూటికి నూరు పోవాలని పట్టుబట్టకండి.

పోకపోతే అదే ప్యాడ్‌తో కాస్త గట్టి కాంపౌండ్ వాడి చూడండి. అప్పటికీ లాభం లేకపోతే కటింగ్ ఫోమ్‌కు వెళ్లండి. ఒకసారికి ఒక్కటే మార్చాలి, లేకపోతే దేనివల్ల ఫలితం వచ్చిందో తెలియదు. కటింగ్ తర్వాత మసక ఉంటే ఫినిషింగ్ ఫోమ్, సన్నని పాలిష్‌తో మళ్లీ చేయాలి. నల్ల కారుకు ఇది దాదాపు ప్రతిసారీ తప్పదు.

ఎన్ని ప్యాడ్లు?

ఒక్క ప్యాడ్‌తో కారంతా చేయాలని చూడటం పెద్ద తప్పు. అరిగిన క్లియర్ కోట్ పొడి, ఎండిన పాలిష్ ఫోమ్‌లో ఇరుక్కుని, వేడెక్కి, మళ్లీ గీతలు పెడతాయి. చిన్న కారుకు పాలిషింగ్ మూడు, ఫినిషింగ్ రెండు, అవసరమైతే కటింగ్ ఒకటి, చిన్నవి రెండు. ప్రతి చదరం అయ్యాక మెత్తని బ్రష్‌తో ప్యాడ్‌ను దులపండి. మధ్యమధ్యలో పెయింట్ మీద చేయి పెట్టి చూడండి. చేయి ఉంచలేనంత వేడి ఉంటే ఆపేయండి. ప్లాస్టిక్ బంపర్ రేకులా వేడిని వదలదు, అక్కడ మరింత జాగ్రత్త.

పని అయ్యాక ప్యాడ్లను గోరువెచ్చని సబ్బునీళ్లలో కడిగి, మెలిపెట్టకుండా నొక్కి, ఫోమ్ వైపు కిందికి ఉంచి నీడలో ఆరబెట్టండి. వెల్క్రో ఊడుతున్నా, ఫోమ్ చిరుగుతున్నా పారేయండి.

ఇంత చేశాక మళ్లీ అదే గుడ్డ పడితే మూడు నెలల్లో గీతలన్నీ తిరిగొస్తాయి. మా కార్లు తుడిచే అన్నది మదనపల్లె. ఎండలో నా కారు చూపించి, "అన్నా, పొడిగుడ్డ వద్దన్నా, ఈ గీతలు దానివల్లే" అన్నాను. "నీళ్లు ఎక్కువ పోస్తే సెక్రెటరీ అరుస్తాడు సార్" అన్నాడు. ఆయన చెప్పిందీ నిజమే. 2024 మార్చిలో నీటి ఎద్దడి వచ్చినప్పుడు ఇక్కడ తాగునీటితో కార్లు కడిగితే 5,000 రూపాయల జరిమానా అన్నారు. అందుకే ఒక రిన్స్‌లెస్ షాంపూ (మళ్లీ నీళ్లతో కడగక్కర్లేనిది) సీసా, ఆరు మైక్రోఫైబర్ గుడ్డలు కొనిచ్చాను. అరబకెట్ నీళ్లు చాలు, గుడ్డ మడతలు మారుస్తూ ఒక్కో మడతతో ఒక్కో భాగం తుడవాలి. రోజూ వద్దని, వారానికి రెండుసార్లు చాలని చెప్పాను. ఆయుధ పూజ మర్నాడు ఎండిన కుంకుమను కూడా రుద్దకుండా తడిపి తీశాడు.